ఇంట్లో ఏ సినిమా చూద్దాం?



రోగి ఇంటికి వచ్చాక అందరూ టీవీ ముందు ఎక్కువసేపు కూర్చోవడం సహజం. మంచి సినిమా మనసును తేలికపరుస్తుంది. అయితే మందు చీటీ చూసి మందు ఇచ్చినట్లే, సినిమాను కూడా చూసి ఎంచుకోవాలి.

1. సర్టిఫికెట్ చూడండి. 'యు' అందరికీ, 'ఎ' పెద్దలకు మాత్రమే. 2024లో 'యుఎ'ను 7+, 13+, 16+ అని విభజించారు. ఇది వయసును మాత్రమే చెబుతుంది. మీ ఇంటికి తగినదో కాదో మీరే నిర్ణయించుకోవాలి.

2. ఇంట్లో బలహీనులను తలంచండి. తాగుడు మానిన తండ్రికి తెరపై మద్యం సీసా కనబడితే మళ్ళీ కోరిక కలగవచ్చు. భయానక దృశ్యాలు పిల్లల నిద్ర చెడగొడతాయి.

3. సమయానికి హద్దు పెట్టండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 సూచనల ప్రకారం ఏడాదిలోపు పిల్లలకు టీవీ, ఫోను వద్దు. 2 నుండి 4 ఏళ్ళ వారికి రోజుకు గంట మించరాదు.

4. భక్తి సినిమా అయినా పక్కన కూర్చోండి. 'కరుణామయుడు' (1978) వంటి చిత్రాల్లో సిలువ దృశ్యం చూసి పసివారు బెదరవచ్చు. వారికి వివరించండి. క్రీస్తు పేరు లేని కథ కూడా దయను, నిజాయితీని నేర్పవచ్చు.

చూశాక కలిసి మాట్లాడుకోండి. ఫిలిప్పీయులకు 4:8ని కొలతగా పెట్టుకోండి. ఎవరైనా కలత చెందితే సినిమాను మధ్యలోనే ఆపేయండి. ఆ రాత్రి వారు ప్రశాంతంగా నిద్రపోవడమే ముఖ్యం.