కడుపులో అతుక్కొని ఆగే మందు



మేము ఎం.ఫార్మసీ చదువుతున్నామంటే అందరూ అడిగేది ఒకటే: "అన్నా, మందుల షాపు పెడతావా?" మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినది మేమే మొదటివాళ్ళం. కాబట్టి మా చదువేమిటో ఇంట్లో కూడా చెప్పలేకపోయాం. మా నాన్నకు షుగర్ వచ్చాక చెప్పక తప్పలేదు.

డాక్టరు గారు నాన్నకు నెమ్మదిగా విడుదలయ్యే గ్లిపిజైడ్ గోళీ రాశారు. మింగడం కష్టంగా ఉందని నాన్న ఒకరోజు దాన్ని దంచి నీళ్ళలో కలుపుకొని తాగారు. కొంతసేపటికి చెమటలు, వణుకు. అమ్మ పంచదార నీళ్ళు తాగించి ఆసుపత్రికి తీసుకుపోయింది. రోజంతా కొద్దికొద్దిగా రావలసిన మందు ఒక్కసారే రక్తంలో చేరిందన్నమాట. అట్ట మీది ఇంగ్లీషు అక్షరాలు చదవగలిగిన మేము ఆ రోజు బల్కంపేటలో ఉన్నాం.

సమస్య ఎక్కడుంది?

మన హైదరాబాదు ముడి మందుల తయారీకి పేరు పొందింది. 1984లో మొదలైన డాక్టర్ రెడ్డీస్ ప్రధాన కార్యాలయం చాలా ఏళ్ళు మన పక్కనే అమీర్‌పేటలో ఉండేది. అయితే మందు తయారైతే చాలదు. అది శరీరంలో సరైన చోట, సరైనంత సేపు ఉండాలి.

గ్లిపిజైడ్ రక్తంలో చేరాక రెండు నుండి ఐదు గంటల్లోనే సగానికి తగ్గిపోతుంది. అందుకే దాన్ని నెమ్మదిగా విడుదల చేయాలి. కానీ మింగిన గోళీ ఒకచోట నిలవదు, అన్నంతో పాటు కిందికి జారిపోతుంది. కొన్ని మందులను చిన్నపేగు మొదటి భాగమే బాగా పీల్చుకుంటుంది. ఆ భాగం దాటాక విడుదలైన మందు వృథాయే.

అతికించే ఉపాయం

కడుపు, పేగుల లోపలి గోడపై జిగురు పొర ఉంటుంది. అందులో ముఖ్యమైనది మ్యూసిన్ అనే పదార్థం. దానికి అతుక్కునే పాలిమర్‌తో మందు రేణువులు చేస్తే అవి అక్కడ ఆగుతాయి. తుమ్మబంక ఎండినప్పుడు అంటదు, తడిస్తే అంటుకుంటుంది. ఇదీ అంతే. పాలిమర్ తడిసి ఉబ్బి, దాని గొలుసులు మ్యూసిన్ గొలుసులతో పెనవేసుకుంటాయి. రొయ్యల పొట్టు నుండి తీసే కైటోసాన్‌కు ధన విద్యుదావేశం, మ్యూసిన్‌కు రుణావేశం ఉండటం వల్ల రెండూ ఆకర్షించుకుంటాయి.

విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య కె.పి.ఆర్. చౌదరి గారు, వై. శ్రీనివాసరావు గారితో కలిసి ఇదే గ్లిపిజైడ్‌తో అతుక్కునే మైక్రోక్యాప్సూళ్ళు తయారుచేసి 2003లో ప్రకటించారు. ఆ వ్యాసం చదివినప్పుడు మాకు మొదట గుర్తొచ్చింది నాన్నే.

తయారీ, పరీక్ష

ఎల్లమ్మ గుడి దారిలో మిఠాయి దుకాణంలో బూందీ దూయడం చూశారు కదా. సముద్రపు నాచు నుండి వచ్చే సోడియం ఆల్జినేట్‌ను, అతుక్కునే పాలిమర్‌ను నీటిలో కరిగించి మందు కలుపుతారు. దాన్ని సిరంజి సూది గుండా కాల్షియం క్లోరైడ్ ద్రావణంలోకి చుక్కలుగా వదులుతారు. నూనెకు బదులు ఇక్కడ కాల్షియం పనిచేస్తుంది. అది ఆల్జినేట్ గొలుసులను ముడివేసి ప్రతి చుక్కనూ గుండ్రని గట్టి రేణువుగా మారుస్తుంది. తరువాత వడగట్టి ఆరబెడతారు. రేణువులు ఒక మిల్లీమీటరు, అంతకంటే చిన్నవిగా ఉంటాయి.

పరీక్ష కూడా సులభమే. గొర్రె లేక మేక పేగు ముక్కను గాజుపలకకు బిగించి, దానిపై లెక్కపెట్టి రేణువులు వేసి, ద్రవంలో పైకీ కిందికీ ఆడిస్తారు. గంటగంటకూ ఎన్ని మిగిలాయో చూస్తారు. అయితే పేగు తన జిగురు పొరను ఎప్పటికప్పుడు మార్చుకుంటుంది. కాబట్టి ఈ అతుకు కొన్ని గంటలదే, శాశ్వతం కాదు.

ఒక మనవి

తమ్ముళ్ళూ, సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు పెద్దవాళ్ళ మందుల డబ్బా తెరిచి చూడండి. అట్ట మీద ఎస్.ఆర్., ఎక్స్.ఆర్., ఎక్స్.ఎల్. అని ఉంటే డాక్టరును గానీ ఫార్మసిస్టును గానీ అడగకుండా ఆ గోళీని విరవవద్దని, దంచవద్దని, నమలవద్దని చెప్పండి. మింగలేకపోతే వేరే మందు రాయమని అడగవచ్చు. షుగర్ మందు వాడేవారికి చెమటలు, వణుకు వస్తే వెంటనే తీపి ఇచ్చి, తగ్గినట్టు అనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఇప్పుడు మా నాన్న ప్రతి కొత్త అట్టనూ ఫోన్లో మాతో చదివించుకున్నాకే వేసుకుంటున్నారు. మా చదువేమిటో ఆయనకు అలా తెలిసింది.