ఇంటికన్నా ముందు దారి చూడు

అమ్మడూ,

హైదరాబాద్ రాయదుర్గంలో నీకు ఉద్యోగం ఖాయమైందని మీ నాన్న ఫోన్ చేశాడు. ఆ నోటితోనే "బండి నడపొద్దన్నారు డాక్టర్లు, ఆ ఊళ్లో ఎలా నెగ్గుకొస్తుందో" అని బెంగపడ్డాడు. నీకున్నది పక్కచూపునూ చీకట్లో చూపునూ తగ్గించే రెటినైటిస్ పిగ్మెంటోసా అని తేలినప్పటి నుంచి వాడికి అదే దిగులు. నాకు నీమీద దిగుల్లేదు, ఈ ఊరి రోడ్లమీద కోపం ఉంది. పెళ్లయి వచ్చింది మొదలు బస్సుల్లోనే తిరిగినదాన్ని, అందుకే ఈ నాలుగు మాటలు.

మణికొండలో అద్దె తక్కువని నీ స్నేహితురాలు చెప్పిందట. వద్దమ్మా. అక్కడికి మెట్రో లేదు, మిగిలిన డబ్బు క్యాబులకే పోతుంది. నాగోలు–రాయదుర్గం లైనులో మధురానగర్, యూసుఫ్‌గూడ వైపు చూసుకో. ఎక్కిన రైలే ఆఖరి స్టేషన్‌లో దించుతుంది, అమీర్‌పేటలో మారే పనుండదు. పక్కచూపు తగ్గినదానివి, సాయంత్రం ఆ తోపులాటలో మెట్లు ఎక్కి దిగడం నీకు మంచిది కాదు.

స్టేషన్ నుంచి గదిదాకా చీకటి పడ్డాక ఒకసారి నడిచి చూడందే అడ్వాన్సు ఇవ్వకు. పగలు ఏ దారైనా బాగానే ఉంటుంది. ఫుట్‌పాత్ మీద నడవడానికి కనీసం 1.8 మీటర్ల ఖాళీ ఉండాలనీ, అంచు ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదనీ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాలు చెబుతాయి. మా వీధి మొగలో చూడు: ముందు ట్రాన్స్‌ఫార్మర్, దాన్నానుకుని చెరుకురసం బండి, తర్వాత వరసగా బైకులు, ఆ పైన విరిగిన డ్రైనేజీ పలక. మోకాలెత్తు అంచు దిగి రోడ్డు మీదికొస్తే రాంగ్‌రూట్‌లో స్కూటర్లు ఎదురొస్తాయి. కళ్లు బాగున్న నేనే రాత్రిపూట అక్కడ ఎవరిదో ఒకరి చెయ్యి పట్టుకుంటాను. బడిపిల్లలు, ఇళ్లల్లో పనికెళ్లే ఆడవాళ్లు, ముసలివాళ్లు అందరూ ఆ దారినే పోవాలి.

స్టేషన్‌లో పసుపు పలకలు చూశావా? వాటిని 1965లో జపాన్‌లో సెయిచి మియాకె అనే ఆయన కనిపెట్టాడు. గీతలుంటే ముందుకు పొమ్మని, చుక్కలుంటే ఆగమని. పాదాలకు అలవాటు చేసుకో.

ఇప్పుడు నీకు నచ్చని మాట చెబుతాను. మడిచి సంచిలో పెట్టుకునే తెల్లకర్ర ఒకటి కొనుక్కో. పొద్దుగూకాక బయటికి తియ్యి. ఎదురుగా ఉన్నది నీకు కనిపిస్తుంది, ఫోను చదువుతావు. అది చూసి "కళ్లు కనిపిస్తున్నాయిగా, కర్రెందుకు?" అని ఎవరో ఒకరు అంటారు. అననీ. ఆ కర్ర చూసి బ్రేకు వేసే డ్రైవరు ఒక్కడున్నా చాలు. సిగ్గుపడి కాలు విరగ్గొట్టుకోకు తల్లీ.

చీకట్లో బస్సు నంబరు కనిపించకపోతే పక్కనున్నవాళ్లను అడుగు. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి ఇక్కడి ఆడవాళ్లకు ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు, జీరో టికెట్ ఇస్తారు. నీ ఆధార్ మాత్రం ఇంకా కాకినాడ చిరునామాతోనే ఉంది, ఇక్కడికి మార్చుకునేదాకా జీరో టికెట్ ఇవ్వరు.

వికలాంగుల సర్టిఫికెట్ సంగతి వాయిదా వెయ్యకు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం చూపు వెడల్పు 40 డిగ్రీలకన్నా తగ్గితే అది అల్పదృష్టి కిందికి వస్తుంది. నీది ఎంతో పరీక్ష చేయించు. ఆ కాగితం చేతిలో ఉంటే, చీకటి పడకముందే ఇల్లు చేరేలా పనివేళలు మార్చమని ఆఫీసులో అడగొచ్చు. అది దయ చూపమనడం కాదు, చట్టం ఇచ్చిన వెసులుబాటు. "సొంత బండి ఉండాలి" అని ఎవరైనా షరతు పెడితే ఆ పనికి బండితో ఏం అవసరమో అడుగు.

రాజీవ్ రతూరి అనే చూపులేని ఆయన వేసిన కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబర్‌లో, వికలాంగులకు సంబంధించిన అందుబాటు ప్రమాణాలను తప్పనిసరి నిబంధనలుగా చెయ్యాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఒక్క మనిషి పట్టుబట్టి అడిగితే అంతదాకా వెళ్లింది. మా వీధి మొగలోని ఆ విరిగిన పలక గురించి నేను అర్జీ రాసి పెట్టాను. కింద నీ సంతకం కూడా కావాలి.

మధురానగర్‌లో రెండు హాస్టళ్లు కనుక్కున్నాను. శనివారం రా, రాత్రి ఏడు దాటాక ఇద్దరం నడిచి చూద్దాం.

ఇట్లు,
మీ అత్తయ్య