మందు మాన్పించే టీమ్‌లో మీ చోటెక్కడ?

పొట్టలో నీళ్లు చేరి, కళ్లు పచ్చబడి నలభై ఏళ్ల మనిషి ఆసుపత్రిలో చేరతాడు. నీళ్లు తీస్తారు, మందులు రాస్తారు, ‘ఇక చుక్క ముట్టావంటే దక్కవు’ అని హెచ్చరించి ఇంటికి పంపుతారు. కొన్నాళ్లకే మళ్లీ అదే వార్డుకు వస్తాడు. లివర్ డాక్టరు తన పని సరిగానే చేశారు. కానీ తాగుడు మానలేకపోవడం కూడా జబ్బే. దానికి వైద్యం చేసేవాళ్లు ఆ వార్డులో లేరు. నీట్‌లో సీటు రాలేదని వైద్యరంగం మీదే ఆశ వదులుకున్నవాళ్లకూ, సైకాలజీ, సోషల్ వర్క్, నర్సింగ్, న్యూట్రిషన్ చదువుతూ ‘ఉద్యోగాలెక్కడ?’ అని అడిగేవాళ్లకూ నేను ముందుగా చూపించేది ఈ ఖాళీనే.

కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ చేసిన జాతీయ సర్వే 2019లో వెలువడింది. మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందిందని అందులో తేలింది. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయ ఆసుపత్రి లివర్ డాక్టరును, సైకియాట్రిస్టును, సైకాలజిస్టును, నర్సును, సోషల్ వర్కరును ఒకే క్లినిక్‌లోకి తెచ్చింది. మన దగ్గర చీటీ రాసి ఇంకో విభాగానికి పంపడమే ఎక్కువ. ‘నన్ను పిచ్చాసుపత్రికి పంపుతారా’ అని రోగి ఆ చీటీని జేబులో పెట్టుకుని ఊరి బస్సెక్కేస్తాడు.

ఈ పనిలో నేర్పు ఎక్కడ అక్కరకొస్తుందో చూడండి. ‘రోజూ తాగుతావా?’ అంటే ‘ఎప్పుడన్నా ఒక పెగ్గు సార్’ అనే అంటారు. పని తెలిసిన కౌన్సెలర్ మరోలా అడుగుతుంది: ‘పొద్దున లేవగానే చేతులు వణుకుతాయా అన్నా? ఆ వణుకు ఆగాలంటే ఎంత పడాలి?’ ‘ఒక క్వార్టరు’ అన్న జవాబు తడుముకోకుండా వస్తుంది. 180 మిల్లీలీటర్ల విస్కీ అంటే దాదాపు ఆరు డ్రింకులు, అదీ టిఫినుకు ముందే. తెలంగాణలో అయితే ‘మందా, కల్లా?’ అని కూడా అడగాలి. కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలుపుతారు. అది హఠాత్తుగా ఆపితే ఫిట్స్ రావచ్చు. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దొరక్క ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి జనం పోటెత్తడం గుర్తుండే ఉంటుంది.

ఆ మనిషి భార్య పక్కకు పిలిచి, ‘తెలియకుండా కూరలో కలిపే మందు ఇప్పించమ్మా’ అని బతిమాలుతుంది. ఆమె అడిగేది డైసల్ఫిరామ్. అది ఒంట్లో ఉండగా తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. పైగా చెడిన లివర్‌కు ఆ మాత్రే కీడు చేస్తుంది. ఆమెను కసురుకోకుండా ఈ మాట చెప్పి, బాక్లోఫెన్ లాంటి వేరే దారుల గురించి డాక్టరుతో మాట్లాడించడం సైకియాట్రిక్ సోషల్ వర్కరు పని. నా దృష్టిలో టీమ్‌లో అతి ముఖ్యమైన కొలువు ఇదే. దీనికి ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) తర్వాత నిమ్హాన్స్ లాంటి చోట్ల ఎంఫిల్ చేసేవారు. క్లినికల్ సైకాలజిస్టు కావాలన్నా ఎంఫిల్ దారే ఉండేది. యూజీసీ ఎంఫిల్‌ను రద్దుచేసి, ఈ రెండు కోర్సులకు మాత్రం 2025-26 దాకా వెసులుబాటు ఇచ్చింది. కాబట్టి ఇకమీదట చేరేవాళ్లు పాత సీనియర్ల సలహా మీద ఆధారపడొద్దు. క్లినికల్ సైకాలజీ అయితే ఆ కోర్సుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉందో లేదో చూసుకున్నాకే ఫీజు కట్టండి.

నర్సింగ్ వాళ్లకు ఎమ్మెస్సీ సైకియాట్రిక్ నర్సింగ్ ఉంది. మందు ఆపిన రెండు మూడు రోజుల్లో వణుకు, కలవరింతలు రావచ్చు. లివర్ పనిచేయక మెదడు మందగించినా మనిషి అయోమయంగానే మాట్లాడతాడు. మొదటిదానికి ఇచ్చే మత్తుమందు రెండోదాన్ని ముదరబెడుతుంది. చేతులు చాపించి, వేళ్లు సన్నగా వణుకుతున్నాయా, మణికట్టు దగ్గర చెయ్యి రెక్కలా టపటపా పడిపోతోందా అని చూసి, ఆఖరిసారి ఎప్పుడు తాగాడో టైముతో సహా రాసిపెట్టే నర్సు వల్ల డాక్టరు నిర్ణయమే మారుతుంది.

డైటీషియన్ పోరాడాల్సింది పథ్యంతో. కామెర్లనగానే ఇంట్లో పప్పు, గుడ్డు మాన్పించి చప్పిడి కూడు పెడతారు. లివర్ గట్టిపడిపోయిన (సిర్రోసిస్) రోగికి కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి, రాత్రంతా ఖాళీ కడుపుతో ఉండకుండా పడుకునే ముందు ఏదైనా తినాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఎమ్మెస్సీ అప్లైడ్ న్యూట్రిషన్ నడుపుతోంది.

కొందరు రోగుల విషయం లివర్ మార్పిడి దాకా వెళ్తుంది. అవయవ మార్పిడి చేసే ప్రతి ఆసుపత్రిలో కోఆర్డినేటరు ఉండాలని చట్టం చెబుతోంది. ఎంఎస్‌డబ్ల్యూ, నర్సింగ్ వాళ్లు దీనికి ప్రయత్నించవచ్చు. ఎంబీబీఎస్ చదువుతున్నవాళ్లయితే ఎండీ సైకియాట్రీ తర్వాత డీఎం అడిక్షన్ సైకియాట్రీ గురించి ఇప్పటినుంచే ఆలోచించండి, సీట్లు చాలా తక్కువ.

ఉద్యోగాలంటే కార్పొరేట్ ఆసుపత్రులొక్కటే కాదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద సైకాలజిస్టు, సోషల్ వర్కరు, నర్సు పోస్టులుంటాయి. ఎక్కువగా కాంట్రాక్టు పద్ధతిలోనే తీసుకుంటారు, జీతంలో ఆ తేడా ఉంటుంది. 14416 నంబరుతో నడిచే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కూ కౌన్సెలర్లు కావాలి. తాగుడు మానిన అనుభవం ఉన్నవాళ్లకు డీ-అడిక్షన్ కేంద్రాల్లో తోటివారికి తోడుండే పని ఉంటుంది. ఆ అనుభవం దాచుకోవాల్సింది కాదు.

ప్రైవేటు డీ-అడిక్షన్ సెంటర్లో ఆఫర్ వస్తే మాత్రం రెండు సంగతులు కనుక్కోండి: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా, సైకియాట్రిస్టు నిజంగా వస్తారా. రోగులను గదుల్లో పెట్టి తాళాలేసే చోట, కొట్టే చోట జీతం రెండింతలిస్తామన్నా చేరకండి.