ఊరు దాటిన పేరు

మనలో చాలామంది ఇంటిపేర్లు ఊళ్ల పేర్లే. కొండపల్లివారు, వేమూరివారు, నిడదవోలువారు ఉన్నారు కదా! సొంత ఊరు వదిలి వచ్చినవాళ్లను కొత్త ఊళ్లో పాత ఊరి పేరుతో పిలుస్తారు. పోను పోను అదే ఇంటిపేరు అవుతుంది.

ఇంగ్లండులో కూడా ఇలాగే జరిగింది. అక్కడ జిల్లాలాంటి ప్రాంతాన్ని కౌంటీ అంటారు. దేశానికి ఉత్తరాన కంబర్లాండ్ అనే కౌంటీ ఉండేది. అక్కడ కొండలు, పెద్ద చెరువులు ఎక్కువ. 'లాండ్' అంటే నేల. 'కంబర్' అనేది అక్కడి పాతకాలం జనం తమకు తాము పెట్టుకున్న పేరు నుంచి వచ్చింది. 'మనమంతా ఒకే నేలవాళ్లం' అని దాని అర్థం.

ఈ పేరు రెండు దారుల్లో బయటికి పోయింది.

ఒకటి, మనుషుల వెంట. కంబర్లాండ్ నుంచి వలస వెళ్లినవాళ్లకు అది ఇంటిపేరయింది. రిచర్డ్ కంబర్లాండ్ అనే నాటక రచయిత 1732లో పుట్టాడు. ఆయన పుట్టింది ఆ కౌంటీలో కాదు, దూరాన ఉన్న కేంబ్రిడ్జిలో. ఊరు మారినా పేరు వెంట ఉంది.

రెండోది, రాజుల వల్ల. ఇంగ్లండు రాజు రెండో జార్జి కొడుకుకు 'కంబర్లాండ్ డ్యూక్' అనే బిరుదు ఉండేది. 1750లో థామస్ వాకర్ అనే ఆయన అమెరికాలో ఒక నదికి ఆ బిరుదు పేరు పెట్టాడు. నాష్‌విల్ నగరం ఆ నది ఒడ్డునే ఉంది. 1788లో ఆస్ట్రేలియాలో సిడ్నీ చుట్టూ ఉన్న నేలకూ గవర్నరు ఫిలిప్ ఇదే పేరు పెట్టాడు.

ఆ చోట్లు ఖాళీగా లేవు. అమెరికాలోని ఆ నది దగ్గర షానీ తెగవాళ్లు బతికారు. ఫ్రెంచివాళ్లు దాన్ని షానీల నది అనేవారు. పటంలో కొత్త పేరు ఎక్కింది. పాత పేరు మరుగున పడింది. పటం గీసినవాళ్లదే పేరు పెట్టే అధికారం అయింది.

1974లో కంబర్లాండ్‌ను పక్క ప్రాంతాలతో కలిపి కంబ్రియా అనే కౌంటీ చేశారు. పుట్టినచోట పాలనలో ఆ పేరు పోయింది. అమెరికా నదికి మాత్రం అలాగే ఉంది. 49 ఏళ్ల తరువాత, 2023లో, అక్కడ కంబర్లాండ్ పేరుతో మళ్లీ ఒక కౌన్సిల్ వచ్చింది.

ఆలోచించండి, రాయండి:
1. మీ పుట్టింటి పేరు ఏమిటి? అత్తింటి పేరు ఏమిటి?
2. అవి ఏ ఊళ్ల పేర్లు?
3. మీ ఊరికి, వాగుకు, గుట్టకు పాత పేర్లు ఉన్నాయా? పెద్దవాళ్లను అడిగి రాసి ఉంచండి.