మూత్రపిండముల పరీక్షలు: సభ్యులు తెలిసికొనవలసిన సంగతులు

శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానము కొబ్బరి, జీడి తోటలకు పేరుపొందిన సీమ. అచ్చటి కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మొదలగు మండలములలో మూత్రపిండముల వ్యాధి చిరకాలముగా రైతుకుటుంబములను పీడించుచున్నది. తొలిదశలో దీనివలన నొప్పిగాని వాపుగాని సాధారణముగా కనబడదు. కాళ్లు వాచి, ఆకలి తగ్గి, ఆయాసము పుట్టునప్పటికి మూత్రపిండముల శక్తి చాలవఱకు క్షయించియుండును. కావున పరీక్షలచేతనే దీనిని ముందుగా కనిపెట్టవలయును.

మొదటిది రక్తపరీక్ష. మన కండరములనుండి క్రియాటినిన్ అను వ్యర్థపదార్థము దినదినము పుట్టుచుండును. మూత్రపిండములు దానిని వడగట్టి మూత్రములో విడుచును. వడపోత తగ్గినచో అది రక్తమున నిలిచిపోవును. అయితే ఆ అంకె నొక్కదానినే చూచి నిర్ణయింపరాదు. క్రియాటినిన్ 1.2 అని కాగితమున నున్నచో పలువురు నిశ్చింతగా నుందురు. 2021 నాటి లెక్క ప్రకారము అదే అంకెకు 25 ఏండ్ల యువకుని వడపోత నిమిషమునకు సుమారు 86 మిల్లీలీటర్లు కాగా, 65 ఏండ్ల స్త్రీకి సుమారు 50 మాత్రమే. కండ తక్కువగా నున్నవారిలో క్రియాటినిన్ తక్కువగా పుట్టుటయే యిందుకు ముఖ్యకారణము. ఈ లెక్కను జి.ఎఫ్.ఆర్. అందురు. అది మూడు నెలలకు మించి 60కి దిగువ నున్నచో దీర్ఘవ్యాధిగా నెంచుదురు.

రెండవది మూత్రపరీక్ష. వడపోత జల్లెడ చెడినచో ఆల్బుమిన్ అను మాంసకృత్తు మూత్రములోనికి జాఱును. గ్రాము క్రియాటినిన్‌కు అది 30 మిల్లీగ్రాములు మించినచో జాగ్రత్త పడవలయును. ఉదయమున మొదట విడుచు మూత్రము ఈ పరీక్షకు శ్రేష్ఠము. మధుమేహమువలన కలుగు హానిని తఱచుగా ఈ పరీక్షయే ముందు తెలుపును. ఉద్దానపు వ్యాధిలో మాత్రము ఆల్బుమిన్ స్వల్పముగా నుండుట, బొత్తిగా లేకుండుటయు కలదు. అందుచేత మూత్రము బాగున్నదని రక్తపరీక్షను మానరాదు. రక్తము బాగున్నదని మూత్రపరీక్షను మానరాదు.

ఎండలో చెమటోడ్చి పనిచేసినపుడు, విరేచనములైనపుడు, మాంసభోజనము చేసినపుడు క్రియాటినిన్ తాత్కాలికముగా పెరుగవచ్చును. అంకె చెడ్డగా వచ్చినచో అధైర్యపడకయు, అశ్రద్ధ చేయకయు వైద్యుడు చెప్పిన గడువున మరల పరీక్ష చేయించుకొనవలయును. ఒళ్లునొప్పులకు దుకాణమున మాత్రలు కొని మ్రింగు అలవాటు మూత్రపిండములకు హాని చేయును.

మధుమేహము, రక్తపుపోటు గలవారును, ఇంట నెవరికైన ఈ వ్యాధి యున్నవారును ఏటేట రెండు పరీక్షలును చేయించుకొనవలెనని మా మనవి. పొలము కాగితముల పెట్టెలోనే వీనిని తేదీల వరుసను భద్రపఱచుడు. ఈ యేటి అంకెను నిరుటి అంకెతో పోల్చినప్పుడే వ్యాధి నడక వైద్యునకు తేటపడును.