శనగ వేరుకు తొలి కాపలా

 నంద్యాల, ప్రకాశం, అనంతపురం జిల్లాల నల్లరేగడి నేలల్లో అక్టోబరు, నవంబరు నెలల్లో శనగ విత్తనం పడుతుంది. మొక్కలు వాలిపోయాక మందుల దుకాణానికి పరుగెత్తడం, మొదళ్లలో మందు పోయడం ఏటా చాలా ఊళ్లలో కనిపిస్తుంది. అప్పటికే ఎండు తెగులు శిలీంధ్రం వేరు లోపల నీరు పారే నాళాల్లో చేరిపోయి ఉంటుంది. పోసిన మందుతో ఆ మొక్క కోలుకోదు. జాగ్రత్త పడాల్సిన సమయం మొలక వేరు నేలలోకి దిగే తొలి రోజులే.

ఆ రోజుల్లో వేరు చేతులు ముడుచుకుని కూర్చోదు. అది చూడాలంటే, తడి కాగితం మీద మొలకెత్తించిన బఠాణీని తీసుకుని, అంగుళం పెరిగిన వేరు కొనను గాజు పలక మీది నీటి చుక్కలో ముంచి, బడిలో ఉండే మైక్రోస్కోపు కింద పెడితే చాలు. కొనను అంటిపెట్టుకున్న కణాలు క్షణాల్లో విడిపోయి చుక్కంతా పరుచుకుంటాయి. ఇవి వేరు కొనను కప్పి ఉండే తొడుగు వదిలే సరిహద్దు కణాలు. రాలిపోయిన చెత్తగా వీటిని చాలాకాలం లెక్కచేయలేదు గానీ, వేరు నుంచి విడిపోయాక కూడా ఇవి బతికే ఉంటాయి. బఠాణీ వేరు కొనకు ఇలాంటివి వేలల్లో ఉంటాయి, పత్తికి ఇంకా ఎక్కువ. కడిగేస్తే ఒక్క రోజులో వేరు మళ్లీ అన్ని కణాలనూ తయారు చేసుకుంటుంది.

ఈ కణాల చుట్టూ జిగురు ఉంటుంది. అందులో చక్కెర పదార్థాలు, ప్రోటీన్లతో పాటు డీఎన్ఏ కూడా ఉందని అమెరికాలోని ఆరిజోనా విశ్వవిద్యాలయంలో మార్తా హావ్స్ బృందం 2009లో వెల్లడించింది. డీఎన్ఏను ముక్కలు చేసే ఎంజైమును కలిపి చూస్తే, మామూలుగా శిలీంధ్రాన్ని తట్టుకునే బఠాణీ వేరు కొన తెగులుకు లొంగిపోయింది. మనిషి రక్తంలోని తెల్లకణాలు కూడా డీఎన్ఏ పోగులు విసిరి సూక్ష్మజీవులను పట్టుకుంటాయని 2004లోనే తెలిసింది. టమాటా, వంగలను ఎండగొట్టే రాల్‌స్టోనియా బాక్టీరియా కూడా ఈ జిగురు వలలో చిక్కుతుంది. అయితే వలను కోసే ఎంజైములు దాని దగ్గర ఉన్నాయి. ఆ ఎంజైములు తీసేసిన బాక్టీరియా టమాటాపై అంతగా ప్రతాపం చూపలేకపోయిందని 2016లో వచ్చిన పరిశోధన చెప్పింది.

ఇంత కాపలా ఉన్నా తెగులు ఎలా వస్తుంది? కాపలా గట్టిగా ఉండేది కొన దగ్గరే. దాని వెనుక సాగే లేత భాగం, పిల్ల వేర్లు చీల్చుకొచ్చే చోట్లు, గాయాలు శిలీంధ్రానికి దారులు. రైతు సాయం అవసరమయ్యేది ఇక్కడే.

విత్తే ముందు కిలో విత్తనానికి 10 గ్రాముల ట్రైకోడెర్మా విరిడె అనే మేలు శిలీంధ్రాన్ని పట్టించి నీడన ఆరబెట్టాలి. రసాయన శిలీంధ్రనాశినితో శుద్ధి చేయదలిస్తే ముందు దాన్ని పట్టించి, విత్తనం ఆరాక చివరగా నత్రజనిని స్థిరీకరించే రైజోబియం బాక్టీరియాను కలపాలి. ఏటా తెగులు వచ్చే చేలల్లో 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, తడి చల్లి, గోనె కప్పి వారం పది రోజులు నీడలో ఉంచాలి. బూజు బాగా పట్టాక ఎకరా నేలలో తేమ ఉన్నప్పుడు చల్లాలి. జె.జి. 11 లాంటి ఎండు తెగులును తట్టుకునే రకాలను ఎంచుకోవాలి. ఈ శిలీంధ్రం శనగ లేకపోయినా నేలలో ఏళ్ల తరబడి బతుకుతుంది కాబట్టి జొన్నతో పంట మార్పిడి మానకూడదు. అంతరకృషిలో గొర్రు మొక్కలకు మరీ దగ్గరగా పోనివ్వకూడదు. నీరు నిలిచే చోట కాలువ తీయాలి.

మొక్క వాలితే పీకి, మొదలు దగ్గర కాండాన్ని నిలువుగా చీల్చి చూడాలి. లోపల నల్లని చార ఉంటే ఎండు తెగులు. వేరు ఎండి, పిల్ల వేర్లు ఊడిపోయి, పుల్లలా విరిగితే ఎండు వేరుకుళ్లు. దీనికి బెట్ట, వేడి తోడవుతాయి. రెంటికీ మందు ఒకటే అనుకుని కొనకుండా, పీకిన మొక్కను వేరుతో సహా రైతు సేవా కేంద్రానికో, దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రానికో తీసుకెళ్లి చూపించాలి.