మీరు ఆసుపత్రిలో – పిల్లలు ఇంటి దగ్గర



మీవారి మంచం పక్కన రాత్రింబవళ్ళు కూర్చుంటున్నారు. మందులు, పరీక్షలు, డబ్బు – మీ ఆలోచనంతా వాటి మీదే. నాయనమ్మ దగ్గరో, పిన్ని దగ్గరో వదిలివచ్చిన పిల్లల గురించి అడిగితే "బాగానే ఉన్నారు సిస్టర్, బడికి వెళుతున్నారు" అంటారు. ఒకటి నుండి ఐదో తరగతి వరకు చదివే పిల్లలు ఇలాంటి సమయంలో లోపల ఏమి అనుభవిస్తారో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఒక అనుభవం

మూడో తరగతి చదివే ఒక బాబును అమ్మమ్మ మా ఓ.పి.కి తీసుకువచ్చింది. రోజూ ఉదయం కడుపునొప్పి, బడికి వెళ్ళనని ఏడుపు. డాక్టరు గారు పరీక్ష చేస్తే జబ్బేమీ కనబడలేదు. అప్పటికి వాళ్ళ అమ్మ ఆపరేషన్ అయి మా వార్డులోనే ఉంది. బాబుకు మాత్రం "అమ్మ ఊరెళ్ళింది" అని చెప్పారు. పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా అడిగితే, "నేను అల్లరి చేశాను, అందుకే అమ్మ వెళ్ళిపోయింది" అన్నాడు. ఆ రోజే వార్డుకు తీసుకెళ్ళాము. "నీవల్ల కాదు నాన్నా" అని అమ్మ వాడి తల నిమిరింది. నొప్పి ఒక్కరోజులో పోలేదు. రెండు వారాలకు తగ్గింది.

ఎందుకు ఇలా జరుగుతుంది?

ఏమి జరిగిందో చెప్పకపోతే పిల్లలు తమకు తోచినట్లు ఊహించుకుంటారు. ఈ వయసులో తమ మాట వల్లనో, కోపం వల్లనో పెద్దలకు జబ్బు చేసిందని నమ్మడం సహజం. ఆ భయాన్ని మాటల్లో చెప్పలేరు. వారి శరీరం, ప్రవర్తన చెబుతాయి.

గమనించవలసిన గుర్తులు

1. బడికి వెళ్ళే వేళకు కడుపునొప్పి, తలనొప్పి. సెలవు రోజున ఉండకపోవడం.
2. మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలుకావడం.
3. నిద్రలో ఉలిక్కిపడటం, ఒంటరిగా పడుకోలేకపోవడం.
4. తరగతిలో పరధ్యానం, తోటిపిల్లలను కొట్టడం, లేదా అతిగా నెమ్మదిగా మారిపోవడం.

చివరిది చాలామంది గమనించరు. "మా పాప ఎంత బుద్ధిమంతురాలో, ఏమీ అడగదు" అని సంతోషిస్తారు. అడగని పిల్లను ముందు దగ్గరకు తీసుకోండి.

ఏమి చెప్పాలి?

నిజాన్ని చిన్న మాటల్లో చెప్పండి. "అమ్మకు కడుపులో జబ్బు చేసింది. డాక్టరు గారు చూస్తున్నారు. ఇది నీవల్ల రాలేదు. నిన్ను నాయనమ్మ చూసుకుంటుంది." ఈ నాలుగు మాటలు చాలు. ఎప్పుడు వస్తుందని అడిగితే, మీకు తెలియని తేదీ చెప్పకండి. "ఇంకా తెలియదు, తెలియగానే నీకు చెబుతాను" అనండి.

ఏమి అనకూడదు?

"అల్లరి చేస్తే అమ్మ ఇంటికి రాదు", "నర్సమ్మతో సూది వేయిస్తాను" అని బెదిరించకండి. ఎవరైనా మరణిస్తే "నిద్రపోయారు" అనకండి. బిడ్డ నిద్రకే భయపడుతుంది. "దేవుడు తీసుకెళ్ళాడు" అని మాత్రమే చెప్పి వదిలితే చిన్న మనసుకు దేవుడంటే భయం కలుగుతుంది. జబ్బు వల్ల చనిపోయారని ప్రేమతో చెప్పి, దగ్గరకు తీసుకుని, వారితోపాటు మీరూ ఏడవండి. తప్పులేదు.

ఇంట్లో, బడిలో

• వీలైనంత వరకు బడి మాన్పించకండి. లేవడం, తినడం, ఆడుకోవడం ఎప్పటి వేళకే జరిగితే బిడ్డకు ధైర్యం. 6 నుండి 12 ఏళ్ళ పిల్లలకు రోజుకు 9 నుండి 12 గంటల నిద్ర కావాలి.
• రోజూ ఒకే వేళకు ఫోన్ చేసి మాట్లాడించండి. అయిదు నిమిషాలైనా చాలు.
• క్లాసు టీచరు గారికి ఇంటి పరిస్థితి చెప్పండి. హోంవర్క్ చేయలేదని కొట్టవద్దని మనవి చేయండి. పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని 2009 విద్యాహక్కు చట్టం నిషేధించింది.

డాక్టరుకు ఎప్పుడు చూపించాలి?

కడుపునొప్పి అంతా మనసు వల్లనే అనుకోకూడదు. జ్వరం, వాంతులు, విరేచనంలో రక్తం, బరువు తగ్గడం, నొప్పితో రాత్రి నిద్ర లేవడం ఉంటే వెంటనే చూపించండి. పక్క తడపడంతోపాటు అతిదాహం ఉంటే అదే రోజు షుగర్ పరీక్ష చేయించండి. పైన చెప్పిన గుర్తులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే ఆలస్యం చేయవద్దు. "చచ్చిపోవాలని ఉంది" అని బిడ్డ అంటే మందలించకండి, ఒంటరిగా వదలకండి, వెంటనే తీసుకురండి. 2022లో ప్రారంభమైన టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

శిష్యులు చిన్నపిల్లలను ప్రభువు దగ్గరకు రానివ్వకుండా ఆపబోయినప్పుడు, ఆయన కోపపడి వారిని ఎత్తి కౌగిలించుకున్నారని మార్కు సువార్త 10వ అధ్యాయంలో చదువుతాము. పెద్దల కష్టాల మధ్య పిల్లలకు అడ్డు చెప్పడం మనకూ అలవాటే. ఈ సాయంత్రం ఇంటికి ఫోన్ చేసినప్పుడు "అన్నం తిన్నావా, చదువుకున్నావా" అన్న తరువాత ఇంకొక్క మాట అడగండి: "నీకు భయంగా ఉందా నాన్నా?" తరువాత కొంచెంసేపు మీరు మాట్లాడకుండా వినండి.